చేతిలోని కార్యాలయం: గోదావరి డెల్టాలో మొబైల్ ఫోనుపై ప్రభుత్వ విధులు, సమాచార భద్రత

(ప్రత్యేక నేపథ్య వ్యాసం)

గోదావరి డెల్టాలో గ్రామస్థాయి పరిపాలన నేడు చాలావరకు మొబైల్ ఫోను మీదనే నడుస్తున్నది. పంట నమోదు, ధాన్యం కొనుగోలు, పింఛను పంపిణీ, అంగన్‌వాడీ పోషకాహారం, వరద నష్టం లెక్కింపు మొదలైన పనులన్నింటిలోనూ క్షేత్రస్థాయి ఉద్యోగి చేతిలోని ఫోనే దస్త్రం, అదే రిజిష్టరు, అదే తపాలా సంచి. పత్రికా రంగంలోనూ పరిస్థితి ఇదే. మండల విలేకరి వార్తను, చిత్రాన్ని, దృశ్యాన్ని ఫోను ద్వారానే జిల్లా కేంద్రానికి పంపుతున్నారు.

ఈ నేపథ్యంలో అధికారులు, పాత్రికేయులు రెండు విషయాలపై శ్రద్ధ వహించవలసి ఉన్నది. మొదటిది, వరద వచ్చినా, విద్యుత్తు పోయినా, సిగ్నల్ అందకపోయినా పని ఆగకుండా చూసుకోవడం. రెండవది, ఫోనులో ఉన్న ప్రజల వివరాలు పరుల పాలు కాకుండా కాపాడటం. ఈ రెండూ వేర్వేరు పనులుగా కనిపించినప్పటికీ ఆచరణలో ఒకే క్రమశిక్షణకు సంబంధించినవి. ఏ రోజు సమాచారాన్ని ఆ రోజే సర్వరుకు చేర్చి, ఫోను నుండి తొలగించే ఉద్యోగికి వరదలో ఫోను పోయినా పని పోదు. ఆ ఫోను దొంగ చేతికి చిక్కినా ప్రజల సమాచారం పోదు.

ఫోను కార్యాలయంగా మారిన క్రమం

రాష్ట్రంలో ఈ-పంట నమోదు 2016 నుండి అమలులోకి వచ్చింది. సాగుదారు పేరు, సర్వే నంబరు, పంట రకం, విస్తీర్ణం వంటి వివరాలను పొలం వద్దనే నమోదు చేసి, ఆ ప్రదేశాన్ని సూచించే ఛాయాచిత్రాన్ని జతపరచడం ఈ విధానంలోని ముఖ్యాంశం. పంటల బీమా, పంట నష్ట పరిహారం, ధాన్యం కొనుగోలు ఈ నమోదుతో ముడిపడి ఉన్నందున, గడువులోగా నమోదు కాని ఒక్క ఎకరం కూడా రైతుకు నష్టం కలిగించగలదు.

గ్రామ సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న నాటి తూర్పు గోదావరి జిల్లాలోని కరప గ్రామంలో ప్రారంభమైంది. కరప ప్రస్తుతం కాకినాడ జిల్లాలో ఉన్నది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2021 మార్చి 1న పోషణ్ ట్రాకర్ యాప్‌ను ప్రవేశపెట్టడంతో అంగన్‌వాడీ కార్యకర్తల రిజిష్టర్లు ఫోనులోకి మారాయి. గ్రామీణ ఉపాధి పనులలో కూలీల హాజరును ఛాయాచిత్రంతో సహా మొబైల్ యాప్‌లో నమోదు చేసే పద్ధతి 2021 మేలో ఆరంభమై, 2023 జనవరి 1 నుండి తప్పనిసరి అయింది. రాష్ట్రంలో ముఖ ఆధారిత హాజరు 2022 ఆగస్టులో పాఠశాలల్లోను, 2023 జనవరి 1 నుండి ఇతర ప్రభుత్వ శాఖల్లోను మొదలైంది.

2024 నవంబరులో ధాన్యం అమ్మకానికి తేదీని, కేంద్రాన్ని రైతు తానే వాట్సాప్ ద్వారా ఎంచుకునే సదుపాయం వచ్చింది. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలతో వాట్సాప్ పరిపాలన ప్రారంభమైంది. ఈ విధంగా ఉద్యోగితోపాటు పౌరుడు కూడా ఫోను ద్వారానే ప్రభుత్వంతో వ్యవహరించే స్థితి ఏర్పడింది.

ఫోనులో ఉన్నది ఎవరి ఆస్తి?

గ్రామస్థాయి ఉద్యోగి ఫోనులోని చిత్రాల గ్యాలరీని పరిశీలిస్తే, దరఖాస్తుదారుల ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్ పుస్తకాల మొదటి పేజీలు, పట్టాదారు పాస్ పుస్తకాలు, రేషన్ కార్డులు, వైద్య ధ్రువపత్రాలు కుటుంబ చిత్రాలతో కలిసి కనిపించడం సర్వసాధారణం. పనిభారం వల్ల, సర్వరు మొరాయించడం వల్ల, ‘తరువాత ఎక్కిద్దాం’ అన్న ఉద్దేశంతో ఇవి పోగుపడుతుంటాయి. ఆ ఫోను పోయిన నాడు నష్టపోయేది ఫోను యజమాని ఒక్కరే కాదు, ఆ ఊరి రైతులు, వృద్ధులు, గర్భిణులు కూడా.

పత్రం నకలు ఎంత ప్రమాదకరం కాగలదో 2018లో తెలంగాణ రాష్ట్రం పెద్దపల్లి జిల్లాలో బయటపడిన ఉదంతం తెలియజేస్తుంది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల ప్రతులలోని వేలిముద్రలను సేకరించి, వాటితో నకిలీ ముద్రలు తయారు చేసి, ఇతరుల పేరిట సిమ్ కార్డులను క్రియాశీలం చేసినట్లు ఆ కేసులో వెల్లడైంది. దస్తావేజు చిత్రాన్ని కేవలం కాగితం నకలుగా భావించరాదని ఈ ఉదంతం హెచ్చరిస్తున్నది. అందులో వేలిముద్ర, సంతకం, ఆధార్ సంఖ్య ఉన్నప్పుడు అది మనిషి గుర్తింపునకే నకలు.

డెల్టా ఎదుర్కొన్న పరీక్షలు

2022 మే 24న జిల్లా పేరు మార్పు వివాదంపై అమలాపురంలో హింసాత్మక ఘటనలు జరిగిన అనంతరం కోనసీమ జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ సేవలను కొన్ని రోజులపాటు నిలిపివేశారు. ఆ సమయంలో ఇంటి నుండి పనిచేస్తున్న ఐటీ ఉద్యోగులు సిగ్నల్ కోసం పొరుగు ప్రాంతాలకు ప్రయాణించవలసి వచ్చింది. ఇంటర్నెట్‌పైనే పూర్తిగా ఆధారపడిన పని ఒక్క ఉత్తర్వుతో నిలిచిపోగలదని నాటి అనుభవం తెలిపింది.

అదే సంవత్సరం జూలైలో గోదావరికి భారీ వరద వచ్చింది. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి మొదటి, 13 లక్షలకు రెండవ, 17 లక్షలకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జూలైలో ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. కాజ్‌వేలు మునిగి, నాటు పడవలే రాకపోకలకు ఆధారమైన చోట్ల ఫోనుకు ఛార్జింగ్ పెట్టుకోవడమే సమస్యగా మారుతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు కూడా తీర మండలాల్లో సహాయక చర్యలకు విద్యుత్తు, సెల్ టవర్ల పునరుద్ధరణ కీలకమైంది.

సహాయం అందవలసిన కుటుంబాల జాబితా, పునరావాస కేంద్రాల వివరాలు, గర్భిణుల, వృద్ధుల చిరునామాలు సర్వరులో మాత్రమే ఉండి, ఏటిగట్టు మీద ఉన్న ఉద్యోగికి అందకపోతే ప్రయోజనం లేదు. అలాగని ఆ జాబితా తాళం లేని ఫోనులో, పది వాట్సాప్ గ్రూపులలో తిరుగుతుంటే ప్రమాదం తప్పదు. ఈ రెండింటికీ మధ్య మార్గాన్ని ముందుగానే ఏర్పరచుకోవాలి.

పనికి అంతరాయం కలుగకుండా తీసుకోవలసిన చర్యలు

1. ఇంటర్నెట్ లేని చోట కూడా వివరాలు నమోదు చేసుకొని, సిగ్నల్ అందినప్పుడు పంపే వీలు ఆయా యాప్‌లలో ఉన్నదీ లేనిదీ ముందుగా తెలుసుకోవాలి. ఆ వీలు ఉన్న యాప్‌లో గ్రామానికి చెందిన సమాచారాన్ని బయలుదేరే ముందే కార్యాలయంలో దింపుకోవాలి. వీలు లేని యాప్‌కు కాగితపు నమూనా సిద్ధంగా ఉంచుకోవాలి.

2. సాయంత్రం సిగ్నల్ అందే ప్రదేశానికి చేరగానే నాటి నమోదులన్నీ పంపాలి. అవి చేరినట్లు నిర్ధారించుకున్న తరువాతనే దరఖాస్తుదారుల పత్రాల చిత్రాలను ఫోను నుండి తొలగించాలి. ‘ఇటీవల తొలగించినవి’ అన్న సంచికలో అవి కొన్నాళ్లపాటు నిలిచి ఉంటాయి కనుక, అక్కడి నుండి కూడా తీసివేయాలి.

3. మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడగానే ఫోనును, పవర్ బ్యాంకును పూర్తిగా ఛార్జ్ చేసుకోవాలి. పడవ ప్రయాణంలో ఫోనును నీరు చొరని కవరులో ఉంచాలి. తహశీల్దారు, ఆరోగ్య కేంద్రం, విద్యుత్ ఉపకేంద్రం, పడవ నిర్వాహకుల నంబర్లను ఒక కాగితంపై రాసి దగ్గర ఉంచుకోవడం అవసరం. ఫోను ఆరిపోయిన తరువాత అందులోని నంబర్లు అక్కరకు రావు.

4. సాధ్యమైన చోట రెండు వేర్వేరు సంస్థల సిమ్‌లు ఉంచుకోవాలి. ఇంటర్నెట్ లేనప్పటికీ సాధారణ కాల్, ఎస్సెమ్మెస్ పనిచేసే సందర్భాలు ఉన్నందున, ముఖ్యమైన నివేదికలను క్లుప్తంగా ఎస్సెమ్మెస్‌లో పంపే నమూనాను మండల స్థాయిలో ముందే నిర్ణయించుకోవాలి.

5. వాట్సాప్ గ్రూపుల సంఖ్యను అదుపులో ఉంచాలి. ఆదేశాలకు ఒకటి, చర్చకు మరొకటి ఉండి, ఆదేశాల గ్రూపులో నిర్వాహకులు మాత్రమే సందేశం పంపేలా ఏర్పాటు చేస్తే అసలు ఉత్తర్వు శుభోదయ సందేశాల మధ్య మరుగున పడదు. బదిలీ అయినవారిని, పదవీ విరమణ చేసినవారిని ఎప్పటికప్పుడు తొలగించాలి. ఇది పని సౌలభ్యానికీ, భద్రతకూ సమానంగా ఉపకరించే చర్య.

ముప్పు వచ్చే మార్గాలు

2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పీఎం కిసాన్, వాహన చలానా, బ్యాంకు కేవైసీ వంటి పేర్లతో ఏపీకే ఫైళ్లు వాట్సాప్‌లో విస్తృతంగా తిరిగాయి. ఏపీకే అనగా ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను నేరుగా ప్రవేశపెట్టే ఫైలు. దానిని తెరిచి అనుమతులు ఇచ్చినచో ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు మోసగాళ్లకు చేరుతాయి. అనంతరం బాధితుని ఖాతా నుండి అదే ఫైలు అతడున్న గ్రూపులన్నింటికీ వెళుతుంది. పంపినది తోటి ఉద్యోగి కావడంతో గ్రూపులోనివారు నమ్మి తెరుస్తారు. రైతులు, ఉద్యోగులు, విలేకరులు కలిసి ఉండే గ్రామస్థాయి గ్రూపులలో ఇటువంటి ఫైలు వేగంగా వ్యాపించగలదు. ప్రభుత్వ పథకానికి చెందిన యాప్‌ను అధికారిక యాప్ స్టోరు నుండి, లేదా శాఖ లిఖితపూర్వకంగా సూచించిన మార్గం నుండి మాత్రమే తీసుకోవాలి.

జిల్లా కలెక్టర్లు, ఉన్నతాధికారుల ఛాయాచిత్రాలను వాట్సాప్ ప్రొఫైల్‌లో పెట్టి, కింది స్థాయి అధికారులను అత్యవసరంగా డబ్బు పంపమని కోరిన ఉదంతాలు కూడా గత కొన్నేళ్లలో వెలుగు చూశాయి. ఇక్కడ మోసగానికి అండగా నిలిచేది పైఅధికారి మాటకు ఎదురు చెప్పరాదన్న అలవాటు. డబ్బు గాని, ఓటీపీ గాని, లబ్ధిదారుల జాబితా గాని కోరిన సందేశం వచ్చినప్పుడు, పాత నంబరుకు కాల్ చేసి నిర్ధారించుకోవడం అవిధేయత కాదని శాఖాధిపతులే తమ సిబ్బందికి స్పష్టం చేయాలి.

మరొక మార్గం కాల్ ఫార్వర్డింగ్. ఫలానా కోడ్ నొక్కండి అని నమ్మించి బాధితుని కాల్స్‌ను తమ నంబరుకు మళ్లించుకోవడం మోసగాళ్ల పద్ధతి. ఈ దుర్వినియోగం కారణంగానే టెలికాం శాఖ 2024 ఏప్రిల్ 15 నుండి కోడ్ ద్వారా కాల్ ఫార్వర్డింగ్ సదుపాయాన్ని నిలిపివేయాలని సంస్థలను ఆదేశించింది. ఇవికాక, వాట్సాప్ ఖాతాను వేరొక కంప్యూటరుకు అనుసంధానించి సందేశాలన్నీ చదివే పద్ధతి కూడా ఉన్నది. ‘లింక్డ్ డివైసెస్’ జాబితాను వారానికి ఒకసారి చూసి, తెలియని పరికరం ఉంటే వెంటనే తొలగించాలి.

కనీస భద్రతా ఏర్పాట్లు

ఫోనుకు కనీసం ఆరు అంకెల పిన్ ఉండాలి. పుట్టిన సంవత్సరం, వాహనం నంబరు పనికిరావు. సిమ్‌కు విడిగా పిన్ పెట్టుకోవాలి. దీనివలన దొంగ ఆ సిమ్‌ను మరో ఫోనులో వేసి ఓటీపీలు పొందలేడు. మూడుసార్లు తప్పు పిన్ కొడితే సిమ్‌కు తాళం పడుతుంది కనుక, పీయూకే సంఖ్యను భద్రపరచుకోవాలి. వాట్సాప్‌కు, ఈ-మెయిల్‌కు రెండంచెల ధ్రువీకరణ ఏర్పాటు చేసుకోవాలి. తాళం పడిన తెరపై సందేశాల పాఠం కనిపించకుండా చేయాలి. తయారీ సంస్థ విడుదల చేసే భద్రతా నవీకరణలను వాయిదా వేయరాదు. నవీకరణలు నిలిచిపోయిన పాత ఫోనులో ప్రభుత్వ యాప్‌లు వాడకపోవడం మేలు.

అధికారిక దస్త్రాల కోసం అధికారిక ఈ-మెయిల్‌నే ఉపయోగించాలి. సందేశాల కోసం జాతీయ సమాచార కేంద్రం రూపొందించిన ‘సందేశ్’ యాప్ అందుబాటులో ఉన్నది. ఆధార్ ప్రతి అవసరమైన చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను, నిబంధనలు అనుమతించిన మేరకు, స్వీకరించాలి. లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలతో కూడిన జాబితాలను గ్రూపులలో పెట్టడం పూర్తిగా మానుకోవాలి.

సొంత ఫోనా, ప్రభుత్వ ఫోనా?

2022 ఆగస్టులో ముఖ ఆధారిత హాజరు యాప్‌ను ఉపాధ్యాయులు సొంత ఫోన్లలో వేసుకోవలసి రావడంపై ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం తెలిపాయి. ఖర్చు ఎవరిది, ఫోను చెడిపోతే బాధ్యత ఎవరిది, వ్యక్తిగత సమాచారం సంగతి ఏమిటి అన్నవి ఆ సందర్భంగా ముందుకు వచ్చిన ప్రశ్నలు. ఇవి ప్రతి శాఖకూ వర్తిస్తాయి. ప్రభుత్వమే ఫోను ఇచ్చినచోట దానిని పిల్లల ఆటలకు, వ్యక్తిగత చెల్లింపులకు వాడకుండా చూడాలి. సొంత ఫోనులో పని తప్పనప్పుడు ఆండ్రాయిడ్‌లోని వర్క్ ప్రొఫైల్ సదుపాయం ద్వారా కార్యాలయపు యాప్‌లను, ఫైళ్లను విడిగా ఉంచవచ్చు. ఉద్యోగి బదిలీ అయినప్పుడు ఆ భాగాన్ని మాత్రమే తొలగిస్తే సరిపోతుంది. కుటుంబ చిత్రాలకు నష్టం ఉండదు. బాధ్యతలు అప్పగించే సమయంలో తాళాలు, రిజిష్టర్లతోపాటు యాప్ లాగిన్‌లను, గ్రూపుల నిర్వహణను కూడా జాబితా ప్రకారం అప్పగించే పద్ధతి పాటించాలి. ఒకరి లాగిన్‌తో మరొకరు పనిచేయడం సౌకర్యంగా కనిపించినా, తప్పు జరిగిన నాడు లాగిన్ యజమానే సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది.

పాత్రికేయులు గమనించవలసిన అంశాలు

విలేకరి ఫోనులో వార్తకు ఆధారమైన వ్యక్తుల నంబర్లు, సంభాషణలు ఉంటాయి. వారి పేర్లు నేరుగా కాక తమకు మాత్రమే తెలిసిన గుర్తుతో భద్రపరచుకోవడం, సున్నితమైన సంభాషణలకు స్వయంగా తొలగిపోయే సందేశాల సదుపాయాన్ని వాడటం మేలు. ఛాయాచిత్రంలో తీసిన ప్రదేశం, సమయం నమోదై ఉండవచ్చు. ఫిర్యాదుదారు ఇంటి వద్ద తీసిన చిత్రాన్ని పంపే ముందు ఆ వివరాన్ని తొలగించాలి. లబ్ధిదారుని చిత్రంతోపాటు అతడి ఆధార్ కార్డు, పాస్ పుస్తకం స్పష్టంగా కనిపించే చిత్రాలను ప్రచురించరాదు. ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రచురించడం, ప్రదర్శించడం 2016 ఆధార్ చట్టంలోని 29వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం.

ఇంటర్నెట్ నిలిపివేత సందర్భాలలో సంబంధిత ఉత్తర్వును కోరి చూడటం పాత్రికేయుల విధి. ఇటువంటి ఉత్తర్వులను ప్రచురించవలసి ఉన్నదని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో తీర్పు చెప్పింది. 2024 నవంబరులో వెలువడిన టెలికాం సేవల తాత్కాలిక నిలిపివేత నిబంధనలు కూడా కారణాలతో కూడిన ఉత్తర్వును, దాని ప్రచురణను తప్పనిసరి చేసి, ఒక్కొక్క ఉత్తర్వుకు 15 రోజుల గరిష్ఠ పరిమితిని విధించాయి.

ఫోను పోయినప్పుడు

ఫోను పోయిన విషయాన్ని పైఅధికారికి చెప్పడానికి జంకి రెండు మూడు రోజులు వెతుక్కోవడం వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఈ క్రింది వరుసలో చర్యలు తీసుకోవాలి.

1. వేరొక ఫోను నుండి సేవా సంస్థకు కాల్ చేసి సిమ్‌ను నిలిపివేయించాలి. ఖాతాలు ఉన్న బ్యాంకులకు సమాచారం ఇవ్వాలి.

2. గూగుల్ లేదా ఆపిల్ ఖాతా ద్వారా ఫోనుకు దూరం నుండి తాళం వేయాలి. తిరిగి దొరికే అవకాశం లేదనిపిస్తే అందులోని సమాచారాన్ని చెరిపివేయాలి.

3. శాఖ యాప్‌ల లాగిన్‌లను నిలిపివేయమని పైఅధికారికి వెంటనే తెలియజేయాలి.

4. పోలీసులకు ఫిర్యాదు చేసి, అదే నంబరుపై కొత్త సిమ్ తీసుకొని, 2023 మే 16న ప్రారంభమైన ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో ఐఎంఈఐ సంఖ్యతో ఫోనును బ్లాక్ చేయించాలి. స్టార్, హ్యాష్, 06, హ్యాష్ వరుసగా నొక్కితే ఐఎంఈఐ సంఖ్య తెరపై కనిపిస్తుంది. దీనిని ఈ రోజే కాగితంపై రాసి ఉంచుకోవాలి.

5. డబ్బు పోయినట్లయితే 1930కు తక్షణమే కాల్ చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువగా ఉంటుంది.

చట్టపరమైన బాధ్యతలు

ఇతరుల పాస్‌వర్డును, ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడటం సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సీ సెక్షన్ క్రింద, కంప్యూటరు సాధనంతో వేరొకరిలా నటించి మోసగించడం 66డీ సెక్షన్ క్రింద నేరాలు. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రభుత్వ సంస్థలతో సహా అన్ని సంస్థలు సైబర్ ఘటనను గుర్తించిన ఆరు గంటలలోగా తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. వ్యక్తిగత డిజిటల్ సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమలయ్యే వీటిలో ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఉన్నది. సమాచార రక్షణకు తగిన ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అవకాశాన్ని ఈ చట్టం కల్పించింది. కాబట్టి ఫోను భద్రతను ఉద్యోగి వ్యక్తిగత జాగ్రత్తకు వదిలివేయక, శాఖలు లిఖితపూర్వక విధానాన్ని, శిక్షణను, నవీకరణలు అందే ఫోన్లను సమకూర్చవలసి ఉన్నది.

లంక గ్రామంలోని ఒక వృద్ధురాలు తన ఆధార్ కార్డును ఉద్యోగి చేతికి ఇచ్చేది ఫోనును నమ్మి కాదు, ఆ ఉద్యోగిని నమ్మి. వరద రోజున ఆమె పేరు జాబితాలో కనబడటం, మిగిలిన రోజులలో ఆ వివరాలు పరుల కంటబడకపోవడం, రెండూ ఆ నమ్మకంలో భాగమే. గోదావరికి వరద కాలం రాకముందే ప్రతి మండలంలోనూ ఒక పూట కేటాయించి, పైన పేర్కొన్న ఏర్పాట్లను సిబ్బంది ఫోన్లలో పరిశీలించి సరిచేయడం శ్రేయస్కరం.

ముఖ్యమైన నంబర్లు: సైబర్ ఆర్థిక మోసాలు - 1930, అత్యవసర సేవలు - 112, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ - 1070, 1800 425 0101.